ఇంజన్‌కి తొడుగు

తాళాలు బాగుచేసే ఆయన తన సైకిల్‌కి చిన్న ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ బిగించుకుని ఏడాది దాటింది. రోజూ పొద్దున్నే దాని ముందు పీట వేసుకుని కూర్చుంటాడు. ఆయిల్ ఎంతుందో చూస్తాడు. ఇంజన్ చుట్టూ ఉన్న పల్చటి రెక్కల సందుల్లో మట్టిని పాత టూత్‌బ్రష్‌తో గీకుతాడు. సొంత పళ్ళ మీద అంత శ్రద్ధ పెట్టి ఉంటే ముందువి రెండూ ఊడేవి కావు. "ఆ రెక్కలకి గాలి తగలాలండీ, లేకపోతే ఇంజన్ మాడిపోతుంది" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాడు. ఎత్తు రోడ్డు సగంలో ఆగి, అది చల్లబడేదాకా గోడ నీడన నిలబడతాడు. తాళంచెవి పోగొట్టుకుని గుమ్మం బయట పడిగాపులు పడేవాళ్ళ సంగతి తర్వాత.

అలాంటి మనిషి ఇంజన్‌కి పోయిన నెల భార్య దళసరి గుడ్డతో, ఎర్ర అంచు వేసి మరీ, తొడుగు కుట్టింది. "దుమ్ము దులపలేక రోజూ నడుం పడిపోతోంది కదా మీకు" అంది. లోకానికంతా గాలి పాఠం చెప్పేవాడు తనే దాన్ని ఇంజన్‌కి తొడిగాడు. అప్పట్నుంచీ పొద్దున వీధి మలుపు దాకా బండిని నెట్టుకెళ్ళి, తొడుగు విప్పి సంచిలో పెట్టుకుంటాడు. సాయంత్రం అదే మలుపులో ఇంజన్ చల్లారాక తొడిగి, ఇంటిదాకా నెట్టుకొస్తాడు. మొన్న ఆవిడ ఆ తొడుగుని తిప్పి తిప్పి చూసింది. నెలైనా ఒక్క నూనె మరక లేదు. ఆయన సంచిని మెల్లగా వెనక్కి జరిపాడు.

"ఎంత భద్రంగా వాడుకుంటున్నారండీ" అని మురిసిపోయి ఆవిడ టేపు చేతికిచ్చింది. "పొగగొట్టానిక్కూడా కొలత తీసుకురండి."

ఆయన బుద్ధిగా వంగి కొలిచాడు.

"కాస్త వదులుగా కుట్టు" అన్నాడు. "గాలాడాలి."