వంగని వేలు

తొంభైల్లో నేను హౌస్ సర్జన్‌గా పనిచేస్తున్న రోజులవి. శంషాబాద్ బస్సులో కూర్చుని అనాటమీ పుస్తకం తిరగేస్తున్నాను. ఆరాంఘర్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్నాయన అందులోని పొట్ట కండరాల బొమ్మ మీద వేలు పెట్టాడు.

"పక్కబొక్కల కాడ గీ తెల్లగ ఉన్నదేంది సారూ?"

"కండను పక్కటెముకకు కట్టి ఉంచే తాడు లాంటిది. కండ బిగిస్తే తాడు లాగుతుంది, ఎముక కదులుతుంది. ఒళ్లంతా ఇంతే," అన్నాను, కాస్త గొప్పగానే.

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, నా అరచేతిని తీసి తన ముంజేతి మీద పెట్టుకున్నాడు. "ఇగ చూడుండ్రి, పిడికిలి పడుతున్న."

నా చేతి కింద కండ గట్టిగా బిగిసింది. అన్ని వేళ్లూ ముడుచుకున్నాయి. చూపుడు వేలు మాత్రం నిటారుగా నిలబడిపోయింది. అరచేతిలో, ఆ వేలి మొదట్లో, సన్నని కుట్ల మచ్చ.

"కాటేదాన్ ఫ్యాక్టరీల పనిచేస్తుంటే రేకు కోసింది. దవాఖానల మంచిగనే కుట్టిండ్రు. లోపల గిట్ల తాడుంటదని నాకేం ఎరుక సారూ? కుట్టిన డాక్టరుకు ఎరుకుంటది గద?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

గగన్‌పహాడ్ దాటినా నా చెయ్యి ఆయన ముంజేతి మీదే ఉండిపోయింది. నేనూ డాక్టర్నేనని చెప్పలేకపోయాను. ఆ కుట్లు నావో కావో ఇప్పటికీ తెలియదు. అప్పటికే అలాంటి చేతులు ఎన్నో కుట్టాను. కుట్టేముందు వేలు వంచి చూపించమని ఒక్కరినీ అడగలేదు.