గెడ్డకి చోటడిగిన మావ

మా వీధికి మునుపు కౌన్సిలరుగా చేసిన మావ పోయిన వారం, ముసురు ఇంకా విడవకుండానే, తెల్లవారుతుండగా కన్నుమూశారు. ఆ కబురు మా వీధివాళ్లకి ఒకరు మోసుకురానక్కర్లేకపోయింది. విజయనగరంలో ఆ రోజు మా ఇళ్లన్నిటా మోకాలి లోతు నీళ్లు. పిల్లాజెల్లాతో అందరం ఆయన ఇంట్లోనే తలదాచుకుని ఉన్నాం. ఆయన గురించి నాలుగు మాటలు రాయడానికి కూర్చుంటే ముందుగా సిగ్గేస్తోంది. ఆ సిగ్గు దాచి రాస్తే ఆయన గురించి రాసినట్టు కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. కోటబొమ్మాళి నుంచి కాపురానికొచ్చిన కొత్తలో, "ఏటే అమ్మీ, ఏ ఊరు మీది?" అని పలకరించిన మొదటి మనిషి. అప్పట్నుంచి మావే. పొద్దున్నే చోడి అంబలి తాగి, గొడుగు చంకన పెట్టుకుని, మా ఇళ్ల వెనక పారే గెడ్డ వెంబడి నడిచేవారు. ఎండాకాలం అందులో చీలమండ తడవదు. వానాకాలం ఊళ్లో నీళ్లన్నీ దాని మీదుగానే పోవాలి. ఎవరైనా అందులో మట్టి పోస్తే, వాళ్ల గుమ్మంలోకెళ్లి కూర్చునేవారు. తిట్టేవారు కాదు. మజ్జిగిస్తే తాగి, మళ్లీ కూర్చునేవారు. ఆ మొండితనానికి విసిగిపోయి మట్టి ఎత్తించిన వాళ్లే ఎక్కువ.

అప్పుడప్పుడే ఊరు పెరుగుతోంది. మిల్లుల్లో పనికీ, కాలేజీల్లో చదువుకీ వచ్చినవాళ్లకి అద్దె ఇళ్లు దొరికేవి కావు. గెడ్డవార జాగా చవక. అక్కడ ఇల్లు కట్టాలంటే ఒడ్డు నుంచి ఎడ్లబండి తిరిగేంత ఖాళీ వదలాలని మావ మునిసిపాలిటీలో రూలు తెచ్చారు. దానికి బదులుగా ఎత్తున ఉన్న మెట్ట వైపు రోడ్డు వేయించి, కొళాయి పెట్టించి, అక్కడ ఇళ్లు కట్టుకోనిద్దామన్నారు. బజారుకి దూరమని మాకు మెట్ట నచ్చలేదు.

"మనుషులు ముఖ్యమా మావా, గెడ్డ ముఖ్యమా?" అని మా ఆయన పదిమందిలో నిలదీశారు.

"ఇల్లూ ఉండాల బావూ, గెడ్డా ఉండాల. రెండూ ఉండాలంటే మజ్జిన కాసింత జాగా ఉండాల. నీలు ఎటెల్లాలో మనం సెప్తే ఇంటాదేటి?" అన్నారు మావ.

అందరం నవ్వాం. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో వీధి వీధంతా ఒక్కటై ఆయన్ని ఓడించింది. ఆ సాయంత్రం మగవాళ్లు ఆయన గుమ్మం ముందే డప్పులు కొట్టించారు. గెలిచినాయన ఎడ్లబండి తిరిగే ఖాళీని మూరెడుకి తగ్గించాడు. అందరి ప్లాన్లూ పాసయ్యాయి, మాదీ అయింది.

గృహప్రవేశానికి ఆయన్ని పిలవాలా వద్దా అని తర్జనభర్జన పడి, చివరికి పిలిచాం. వచ్చారు. పులిహోర అడిగి మరీ వేయించుకున్నారు. పెరట్లోకెళ్లి గోడ మీంచి గెడ్డలోకి తొంగి చూసి, "ఇల్లు ముచ్చటగా ఉన్నాదే అమ్మీ. ఈ గోడ ఇంకాస్త ఇవతలకుంటే ఇంకా బాగున్ను" అన్నారు. శుభమా అని ఇల్లు చేరిన పూట కూడా అదే గోలా అని నేను మొహం ముడుచుకున్నాను.

ఈ భాద్రపదంలో గెడ్డ ఆ గోడని పడదోసి మా వంటింట్లోకి వచ్చింది. వెనకనుంచి నీళ్లు, ముందు వీధిలో నీళ్లు. ఏం చెయ్యాలో తోచక బిందెలూ బియ్యం బస్తాలూ పట్టుకు వేలాడుతుంటే, నడుముదాకా తడిసి మావ వచ్చారు. "సామాన్లు తరవాత! ముందు పిల్లగుంటల్ని ఎత్తుకోండి. బేగి రండర్రా!" అంటూ ఇంటింటికీ తిరిగి, మమ్మల్నందరినీ మెట్ట మీది తన ఇంటికి తోలుకుపోయారు. గదులన్నీ మాకిచ్చేశారు. తన మంచం మా అత్తగారికిచ్చి, తను వీధరుగు మీద జల్లులో పడుకున్నారు. దగ్గు మొదలైంది. "నాను సెప్పలేదేటి?" అని ఒక్కసారైనా అంటారేమోనని ఎదురుచూశాను. అంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆయన అడిగిందల్లా, "మీ అత్తకి కంబలి సాలిందేటే?" అని మాత్రమే.

జలుబు గుండెల్లోకి దిగిందన్నాడు డాక్టరు. ఆ మర్నాడే పోయారు.

కొడుకు శృంగవరపుకోట నుంచి రావాలి. దారిలో రోడ్డు మునిగింది. అతనొచ్చేదాకా మావని ఆ అరుగు మీదే పడుకోబెట్టాం. శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి ముట్టించకూడదు కదా. అలాంటప్పుడు ఇరుగుపొరుగువాళ్లు తమ ఇళ్లలో వండి తెస్తారు. మెట్ట మీద ఉన్నది ఈ ఒక్క ఇల్లే, ఇరుగూ పొరుగూ మేమే. మా పొయ్యిలు నీళ్లలో ఉన్నాయి. పొద్దెక్కేసరికి పిల్లలు ఆకలికి ఏడవడం మొదలెట్టారు. మా చిన్నదాని నోరు నొక్కిపట్టుకుని నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. అంత సిగ్గు నా జన్మలో ఎరగను.

మావ తల దగ్గర కూర్చున్న అత్త, ఆయన భార్య, ఆ ఏడుపు విన్నది.

"ఎల్లి పొయ్యి ముట్టించే" అంది నాతో.

"అత్తా, మావ ఇంకా ఇక్కడే..."

"మీ మావ గుంటల్ని పస్తులుంచినాడేటి? అటక మీద ఎండు పుల్లలున్నాయి, సూడు."

నా చేతులతోనే ముట్టించాను. తడిగాలికి పొగంతా అరుగు మీదికే వెళ్లింది. గంజి కాచి పిల్లలకి పోశాను. మగవాళ్లు మెట్ల మీద తలలు వంచుకుని కూర్చున్నారు. డప్పులు కొట్టించినవాళ్లూ అందులో ఉన్నారు. మా ఆయనా ఉన్నారు. ఎవరూ గంజి ముట్టలేదు.

శవం దగ్గర నుంచి అత్త లేచొచ్చి ఒక్కొక్కరి ముందూ గిన్నె పెట్టింది.

"మీరూ తాగండర్రా. ఆ నీలల్లో ఆయన్ని మొయ్యాల గదా" అంది.

వాళ్లు తాగారు. ఒక్కరూ అరుగు వైపు చూడలేదు.