అంగారకుణ్ణి విప్పి చూపిన మస్తాన్ మామ

ప్రొద్దుటూరు బజారులో కొత్త ప్లాస్టిక్ బిందెల వాసన తగిలితే నాకిప్పటికీ ఊపిరి ఆడనట్టుంటుంది. ఒక వేసవంతా అలాంటి బిందెలో తల పెట్టుకుని తిరిగాను. దాన్ని కోసి, ముందు అద్దం బిగించి, వ్యోమగామి టోపీ అని నా తలకు తొడిగినవాడు మస్తాన్ మామ. మా వీధిలో పెళ్లి వీడియోలు తీసేవాడు. నేనప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతూ, హేతువాద సభల్లో గొంతు చించుకునేవాణ్ణి.

అంగారకుడి మీదికి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు, వాళ్ల కెమెరా మాత్రం దొరికింది, అందులోని దృశ్యాలే ఇవి. అదీ మామ సినిమా. జమ్మలమడుగు దగ్గరి ఎర్రరాతి గుట్టల్లో, పెళ్లిళ్లు లేని రోజుల్లో తీశాం. నటించేవాళ్లమే కెమెరా పట్టుకోవాలి. నేను నిలకడగా పట్టుకుంటే మామకు కోపం వచ్చేది. "సచ్చిపోతాండేవోడివప్పా నువ్వు. పులివెందుల పెండ్లికూతుర్ని తీస్తాండావా?"

ఊరి కేబుల్లో వేస్తే జనం నమ్మేశారు. టీ అంగట్లో ఒక పెద్దాయన నా చెయ్యి తడిమి, "ఎట్లొచ్చినావు నాయనా తిరిగి?" అన్నాడు. జిల్లా అంతా వేస్తానని కడప నుంచి ఒకాయన క్యాసెట్ అడిగాడు. మామ ముఖం వెలిగిపోయింది.

అవి ఎన్నికల రోజులు. ఒక పల్లె నాయకుడి జీపు మీద ఎవరో బాంబులు వేశారు. ఎవరూ చావలేదు, వేసినవాణ్ణి చూసినవాళ్లూ లేరు. నేను మామ వీడియో షాపులో ఉండగా ఆ నాయకుడి మనిషి వచ్చాడు.

"మామా, అంగారకుణ్ణే ఈడికి దింపినావు. ఎదుటి పార్టీ ఏజెంటు నాగన్న మా జీపు మీద బాంబులేసినట్టు ఒక ముక్క తీయలేవా? యాడో దొరికిందంటాం. ఎలక్షనయ్యేదాకా వాడు జైల్లో ఉంటే సాలు."

"దానికేముంది, తీయొచ్చు," అన్నాడు మామ. నేను అరవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టాడు. అతను వెళ్లాక నిలదీశాను.

"తీయొచ్చు అంటి. తీస్తా అంటినా?" అన్నాడు. "నేను కాదంటే ఇంగోడు తీస్తాడు. నువ్వు మీటింగు పెట్టి తిడితే యెవురింటారప్పా?"

మర్నాడు సాయంత్రం కేబుల్లో తన సినిమాను తానే ముక్కముక్కగా విప్పాడు. అంగారకుడి తుఫాను, టేబుల్ ఫ్యాను ముందు చల్లిన ఇటుకపొడి. వ్యోమనౌక, మా కాలేజీ పాత బీరువా. బిందె టోపీ కూడా దాచలేదు. చివర్లో కొత్త ముక్క ఒకటి వేశాడు. అందులో నేను మామ స్కూటరు మీదికి బాంబు విసురుతున్నాను. మంట, పొగ, కేకలు. మరుక్షణం మామ అదే స్కూటరు పక్కన నిలబడి, టపాకాయను, ఇటుకపొడి పొట్లాన్ని చూపించాడు. "ఇట్ల యెవురి మీదైనా తీయొచ్చు. రేప్పొద్దున యెవురన్నా క్యాసెట్టు దొరికిందంటే దీన్ని తలుసుకోండి."

నాగన్న మీద ఏ క్యాసెట్టూ రాలేదు. గుట్టు తెలిసిన సినిమా ఎవరికి కావాలి? కడప ఆయన కూడా రాలేదు. నాయకుడి మనిషి మాత్రం వచ్చి, కౌంటరు మీద చెయ్యి ఆనించి, "నీ సినిమాను నువ్వే సంపుకుంటివే మామా," అన్నాడు.

"ఇంగోటి తీస్తాలేప్పా."

తీయలేదు. ఆ వర్గం పెళ్లిళ్లకు మళ్లీ ఎవరూ పిలవలేదు. ఉన్న గిరాకీతోనే షాపు నడుపుకుని, ఆ షాపులోనే ముసలివాడయ్యాడు. ఇప్పుడు లేడు.

అబద్ధాన్ని గట్టిగా తిడితే అది చచ్చిపోతుందని ఆ సాయంత్రం దాకా నమ్మాను. ఇప్పుడు దేన్నైనా ఖండిస్తూ వ్యాసం రాయాలంటే, ముందు ఆ అబద్ధాన్ని నా చేతులతో నేనే తయారుచేసి చూస్తాను. అది నాకు చేతనైన రోజునే కలం పట్టుకుంటాను.