రెండోసారి అడగని మనిషి

మొన్న కుప్పం నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. అక్కడ డిగ్రీ చదువుతోంది. "పెద్దమ్మా, మాకు సిలబస్‌లో ఒక పాత నవల పెట్టినారు. పుంగనూరు అవ్వ కాడ ఉండాదంట గదా, తెచ్చిస్తావా?" అంటూ దాని పేరు చెప్పింది. ఆ పేరు వినగానే నాకు తిక్క రేగింది. లోకంలో ఇన్ని పుస్తకాలుండగా ఈ పిల్లకు ఇదే దాపురించాలా!

ఎప్పటిదో, ఏ దేశానిదో నవల. తెలుగులోకి వచ్చి మా కొంప మీద పడింది. ఒక గొప్పింటి అబ్బాయి, ఒక లేనింటి అమ్మాయి. 'నీది నా అంతస్తు కాదు, అయినా చేసుకుంటాను' అంటాడతను. ఆమెకు ఒళ్ళు మండి పొమ్మంటుంది. అతను పొగరు దిగి, చివర్లో మళ్ళీ వచ్చి మర్యాదగా అడుగుతాడు. అప్పుడు సరేనంటుంది. అంత లావు పుస్తకంలో ఉన్నదల్లా ఇదే. మధ్యలో బోలెడు టీ తాగుతారు.

పుంగనూరు అవ్వ అంటే మా పిన్ని, అమ్మకు చెల్లెలు. మా తాత మదనపల్లె టమోటా మండీలో గంపలు మోశాడు. అమ్మమ్మ అక్కడే కాయలు ఏరేది. ఎంత తోముకున్నా ఆమె చేతులకు ఆ పచ్చివాసన పోయేది కాదు. ఆ ఇంట్లో మొదట ఉద్యోగం చేసింది పిన్నే, పుంగనూరులో టీచరుగా. మండీ యజమాని కొడుక్కి ఆమె మీద మనసైంది. ప్రతి శనివారం సాయంత్రం ఆమె ఇంటికొస్తూ మదనపల్లెలో బస్సు దిగే వేళకు ఆయన స్టాండులో తయారు. ఒకసారి ఆ నవల ఆమె చేతిలో పెట్టాడు. పిన్ని దాన్ని మింగేసింది. ఆ తర్వాతి వారం ఆయన నోరు విప్పాడు. "మా ఇంట్లో మీవాళ్ళంటే ఒప్పుకోరు. అయినా నేను చేసుకుంటా." అచ్చం పుస్తకంలో మాటే! పిన్నికి కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆ కోపం వెనక ఎంత ధీమా! పుస్తకం ఇచ్చిన మనిషికి తర్వాత ఏం చేయాలో తెలీదా? "కుదరదు" అనేసి, తలెత్తుకుని ఇంటికొచ్చింది.

అంతే, శనివారాలు మదనపల్లె రావడం మానేసింది. నవల్లో అతను ఆమె ఉన్న చోటికే వెతుక్కుంటూ వస్తాడు గదా, అందుకు. పుంగనూరు అద్దె గదిలో తల దువ్వుకుని, కనకాంబరాలు పెట్టుకుని కూర్చునేది. "యాల పిన్నీ, ఇంటికి రావా?" అని నేను పోయి అడిగితే "వస్తాడు సూడు" అనేది. నువ్వే ఒక కార్డు ముక్క రాయరాదా అంటే నా మీద ఎగిరింది. "ఆయప్ప కలిగినోడని నేను దిగాలనా?" ఇంకేం మాట్లాడతాం! సంబంధాలొచ్చాయి, పోయాయి. ఆయన వేరే మండీ వాళ్ళ పిల్లను చేసుకున్నాడు. పిన్ని ఎవరినీ చేసుకోలేదు. పుస్తకాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

పోయిన వేసవిలో బి.కొత్తకోటలో ఒక పెళ్ళికి పోతే ఆయన కనిపించాడు. తల నెరిసింది. భార్య పోయిందట. భోజనాల దగ్గర పక్కపక్కన కూర్చున్నాం. ఇక ఉండబట్టలేక అడిగేశాను, "ఇంగోసారి అడిగింటే మీ సొమ్మేం పోయిండునప్పా?" అని.

ఆయన చేతిలోని వడ ఆకులో పెట్టేశాడు. "మా నాయన నేర్పిన పద్ధతమ్మా. ఈ రేటుకియ్యనని రైతు సరుకు బండికెక్కించుకుంటే, మల్లా ఎనకబడి అడగకూడదు. అడిగితే ఆ మనిషిని తక్కువ చేసినట్టు. మీ పిన్ని కుదరదనింది. మర్యాదగా ఊరకుండిపోతి."

"మరి ఆ పుస్తకం?"

"అదా? ప్రేమ పుస్తకమని బస్టాండులో అంగడాయప్ప అంటగట్టినాడు. నేను సదవలా. కడాకు ఏమవుతాది?"

చెప్పాను. ఆయన ఆ తర్వాత మెతుకు ముట్టలేదు. ఆకు మడిచి లేస్తూ, "అది యాడన్నా ఉంటే ఇప్పిస్తావామ్మా? ఇప్పుడన్నా సదువుతాను" అన్నాడు. నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. ఇద్దరూ మర్యాదస్తులే. ఆ మర్యాదలు కాల్చనా!

ఈ సంగతి పిన్నికి చెప్పడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు. ఇప్పుడు పుస్తకం కోసం పుంగనూరు పోయి, ఎలాగూ తప్పదని మొత్తం కక్కేశాను. చింతపండు గింజలు తీస్తున్న పిన్ని చేతులు ఆగిపోయాయి.

"సదవకుండానే ఇచ్చినాడా?" అంది. చేట పక్కకు నెట్టి, "సదివి కూడా రాలేదనే గదా నాకు ఇన్నాళ్ళూ కోపం" అంది. ఆ గొంతు విని నా చిరాకంతా ఎటో పోయింది.

లేచి చేతులు కడుక్కుంది. పెట్టె తెరిచి, అట్ట వేసిన పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఎవరికియ్యమంటావు పిన్నీ?" అన్నాను.

"బిడ్డకియ్యి. దానికి పరీక్ష ఉండాది. ఆయప్పకిప్పుడు ఏం తొందర?"

నేను చెప్పులేసుకుంటుంటే గడపలోకి వచ్చి, "పరీక్షలైనాక సూస్తాంలే" అంది.

కుప్పం బస్సులో దారంతా ఆ పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. నవలను ఏ వయసులోనైనా చదవచ్చు. చదివి, లేచి పరుగెత్తుకుని వెళ్ళి ఒక తలుపు తట్టగలిగే వయసు మాత్రం మన కోసం ఆగి కూర్చోదు.