దుర్మార్గపు ప్రభుత్వాలకు మార్కులేసే పెంచలమ్మ

రాబోయే వందేళ్ళలో ఈ భూమ్మీద పుట్టబోయే దుర్మార్గపు ప్రభుత్వాలన్నీ వరసగా వచ్చి నిలబడితే, దేనికి మొదటి ర్యాంకు, దేనికి సప్లిమెంటరీ అని అరగంటలో తేల్చి చెప్పగల మనిషి ప్రపంచం మొత్తం మీద ఒక్కతే ఉంది. ఆమె నగరిలో ఉంటుంది. పేరు పెంచలమ్మ. మా అవ్వ. ఇంగ్లీషులో తన పేరు రాయడం కూడా ఆమెకు రాదు. అయినా ఇంగ్లీషులో వయసు పిల్లల కోసం రాసే ఆ భయంకర భవిష్యత్తు నవలల గురించి ఆమెతో వాదించి గెలిచినవాడు చిత్తూరు జిల్లాలో ఇంతవరకు పుట్టలేదు.

ఆ నవలల సంగతి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్తాను. ఒక్కో కథ మూడు భాగాలో నాలుగు భాగాలో ఉంటుంది. లోకం ఎప్పుడో పాడైపోయి ఉంటుంది. మిగిలిన ఊరి చుట్టూ గోడ. గోడ లోపల ఒక ప్రభుత్వం, దానికొక పిచ్చి చట్టం. పదహారేళ్ళ పిల్ల ఒకతి తిరగబడుతుంది. ఆఖరి భాగంలో గోడ పడిపోతుంది. మా చెల్లెలు పూజిత హైస్కూలు టీచరమ్మ దగ్గర ఇవి తెచ్చుకుని చదివేది. చదివినదాన్ని అవ్వకు తెలుగులో చెప్పేది.

చెప్పడానికీ ఒక వేళ ఉండేది. మా ఇంట్లో నాలుగు పవర్‌లూమ్‌లు. అవి ఆడుతుంటే పక్కవాడు తుమ్మినా వినబడదు, మొహం చూసి తెలుసుకోవాలి. కరెంటు పోతేనే మాటలు. ఊరంతా కరెంటు పోయిందని తిట్టుకుంటుంటే మా అవ్వ ఒక్కతే, "పాపా, రా మే! పోయింది!" అని పెళ్ళి పిలుపులా కేకేసేది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు కరెంటు వచ్చిందా, ఇక చూడాలి.

"ఆ బిడ్డ గోడ మీద ఏలాడతా ఉంటే ఇప్పుడే రావాల్నా ఇది! ధనంజయా, ఒక్క నిమిషం ఆపరా మగ్గాలు. ఆ పిల్లను కిందికి దించి మొదలుపెట్టుకో."

మా నాయన ధనంజయ మగ్గం పక్కన నిలబడి తెగిన పోగులు కడుతున్నట్టు నటిస్తూ ఉండేవాడు. నిజానికి ఆయన కూడా వింటున్నాడని అందరికీ తెలుసు. పిల్ల కిందికి దిగేదాకా ఆయనకూ ఏ స్విచ్చూ కనబడేది కాదు.

అవ్వ నలభై ఏళ్ళు బట్ట చూసిన మనిషి. మగ్గం దిగిన తానును వెలుతురుకు పట్టుకుని ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ అడ్డంగా నేసే పేక జారిందో వేలితో చూపించేది. ఒక తాను మంచిదో కాదో తెలియాలంటే పక్కన ఇంకో తాను పరవాలని ఆమె సిద్ధాంతం. నవలలకూ అదే సిద్ధాంతం. ఏ కథనూ ఒంటరిగా వదిలిపెట్టేది కాదు.

"ఉప్పుకోట కథలో పిల్లోళ్ళను తూకమేసి తేలికైనోళ్ళను గోడ బయటికి తోస్తారు. నీడ దేశం కథలో చెట్టు నీడకు కూడా బాడిగ కట్టాల. రెండిట్లో ఏది ఘోరం?" అని అడిగేది.

"నీడ దేశమే అవ్వా," అనేది పూజిత.

"కాదు మే. మన నగరిలో మే నెల ఎండకు ఆ ప్రభుత్వం రెండు దినాలు నిలవదు. జనం కట్టెలెత్తుకుంటారు. ఉప్పుకోటోడే గట్టోడు. సరేగానీ, ఈ ప్రభుత్వాలన్నిట్లో జనానికంతా బూడిద రంగు యూనిఫారమే గదా. లక్షల మందికి బట్ట నేసేది ఎవురు?"

"అది పుస్తకంలో లేదవ్వా."

"అదే మరి! నేసేవాళ్ళు ఒక్క నెల మగ్గాలు ఆపితే ఆ రాజు గోచీ పెట్టుకుని ఆజ్ఞలియ్యాల. నాలుగు భాగాలు రాసినాయనకు ఈ ఉపాయం తోచలా!"

ఇంకో పెద్ద ఫిర్యాదు కూడా ఉండేది. "పిల్ల ఉండాది. పిల్ల వెనకాల ఇద్దరు పిల్లకాయలు ఉండారు. ప్రాణం పోతా ఉంటే ఇద్దరెందుకో, ఒకడు చాలడా, అది వాళ్ళిష్టం. అవ్వలు యాడ మే? ఒక్క కథలోనన్నా అవ్వ ఉండాదా?"

"మొదటి భాగానికి ముందే చచ్చిపోయి ఉంటారవ్వా."

"అదీ సంగతి! అందుకే ఆ ప్రభుత్వాలు నిలబడినాయి."

ఈ జబ్బు ఇంట్లోనే ఆగలేదు. రేషను అంగట్లో అవ్వ వేలు మిషను మీద పడదు. నలభై ఏళ్ళు బట్ట తడిమి తడిమి వేలిగీతలు అరిగిపోయాయి. డీలరు ఢిల్లీబాబు పాపం పదివేళ్ళూ పెట్టించి, "అవ్వా, ఇంకోసారి," అన్నాడు. అవ్వ వెనక్కి తిరిగి క్యూలో ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు, "రెక్కల చట్టం కథలో కూడా ఇంతే. ఒక్కో బిడ్డకు ఒక్కో పిట్టను కట్టేస్తారు. పిట్ట ఎగిరిపోతే బిడ్డ లేనట్టు లెక్క. కానీ ఆడ రెండో వేలు అడగరు. ఈయన నయం," అని తీర్పు చెప్పింది. ఢిల్లీబాబుకు పొగిడిందో తిట్టిందో అర్థం కాక కాలు వేలు కూడా పెట్టమనబోయాడు.

పదో తరగతి అయ్యాక పూజితను తిరుపతిలో ఒక కాలేజీ హాస్టల్లో వేశారు. నేను పాలిటెక్నిక్ రెండేళ్ళు వెలగబెట్టి మానేసి, రేణిగుంట గోడౌనులో పార్సిళ్ళు స్కాన్ చేస్తున్నాను కాబట్టి, నాయన ఆశలన్నీ చెల్లెలి మీదే. రెండు వారాలకోసారి ఆదివారం పది నుంచి పన్నెండు దాకా చూడనిస్తారు. రేకుల షెడ్డు కింద సిమెంటు బెంచీలు. గోడ మీద బోర్డు: 'సెల్‌ఫోన్లు, కథల పుస్తకాలు, పచ్చళ్ళు లోపలికి నిషేధం.' అమ్మ ఆ బోర్డు కిందే కూర్చుని పచ్చడి డబ్బా సంచిలో దాచేది.

రెండు నెలల్లో పూజిత సగమైంది. ఏమడిగినా ఒకటే మాట.

"మార్కులెంత వచ్చినాయి పాపా?" అనేవాడు నాయన.

"బాగుండాది నాయనా."

"జుట్టు ఇంత ఊడిందేమే?" అనేది అమ్మ.

"బాగుండాది మా."

మొదట్లో అందరూ ఏడుస్తారు, మూడు నెలలకు అలవాటవుతారు అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని నాయన ధైర్యంగా ఉన్నట్టు కనిపించి, మార్కుల లిస్టు చూడడానికి ఆఫీసు గదికి పోయేవాడు. అమ్మ కళ్ళు తుడుచుకునేది. అవ్వ మాత్రం బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని, "కొత్త కథేమన్నా ఉండాదా మే?" అంది.

పూజిత అటూ ఇటూ తిరుగుతున్న వార్డెన్ వరదయ్యగారిని చూసింది. గొంతు తగ్గించి, "ఉండాదవ్వా. ఏడో అంతస్తు అని. పిల్లలందర్నీ ఒక మేడలో పెడతారు. వారం వారం పరీక్ష. గోడ మీద లిస్టు. పైనోళ్ళు పై అంతస్తు, జారినోళ్ళు కింది అంతస్తు. తలుపు యాడుందో అందరికీ తెలుసు. ఎవురూ పోరు," అంది.

"కాపలా ఉండాదా?"

"లేదు. పోతే ఇంట్లోవాళ్ళు బాధపడతారని పోరు."

అవ్వ బెంచీ మీది కాళ్ళు కిందికి దించింది. తర్వాత పెద్ద గొంతుతో, "నీడ దేశంలో అయితే కుక్కలు, తుపాకులు పెట్టినారు గదా! ఇది దానికన్నా గట్టిది. ఏం తింటారు ఆ పిల్లోళ్ళు?" అంది.

"పొద్దున ఉప్మా. లోపలికి పోదు."

"అవ్వ ఉండాదా ఈ కథలో?"

"ఉండాది. రెండు వారాలకోసారి వస్తాది."

"అబ్బ, ఇన్నాళ్ళకు నీ మొర విన్నారవ్వా!" అని నేను నవ్వాను. నవ్వింది నేనొక్కణ్ణే.

అలా మూడు ఆదివారాలు గడిచాయి. ఉన్న రెండు గంటల్లో గంటన్నర అవ్వే తినేసేది. ఆ పిల్ల ఎన్నో అంతస్తులో ఉంది? నాలుగు నుంచి రెండుకు జారింది. నిద్రపోతుందా? పొద్దున నాలుగున్నరకు గంట మోగిస్తారు. రాసింది గుర్తుంటుందా? కాగితం చూస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. ఉప్పుకోటలో ఎట్టా, రెక్కల చట్టంలో ఎట్టా అంటూ ప్రతి ముక్కా పక్కన పెట్టి చూసేది.

తిరిగి వచ్చే బస్సులో అమ్మ కడుపు మంట దాచుకోలేకపోయింది. "బిడ్డ ఎముకలు తేలి ఉంటే మీ నవలలేంది అత్తా?"

"ఆ పిల్లకు కూడా తిండి లోపలికి పోవడంలేదంట భానూ."

"ఏ పిల్లకు?"

"కథలో పిల్లకు."

అమ్మ తల బస్సు కిటికీకి కొట్టుకుంది. మెల్లగానే అనుకోండి.

ఆ వారమే అవ్వ నన్ను పిలిచింది. "రేయ్ మునీంద్రా, మీ గోడౌనుకు పుస్తకాలు వస్తాయి గదా. ఏడో అంతస్తు కథ అన్ని భాగాలూ తెప్పించు."

ఫోన్లో మూడు రోజులు వెతికాను. పూజితకు పుస్తకాలిచ్చిన టీచరమ్మను అడిగాను. అలాంటి పేరే ఆమె వినలేదంది. వచ్చి చెప్పాను.

"ఇంకోసారి వెతుకు," అంది అవ్వ.

"లేదవ్వా. ఆ పుస్తకమే లేదు."

అవ్వ చేతిలో ఉన్న తానును మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. "పుస్తకాలు లోపలికి రానియ్యం అని బోర్డు రాసినారు గదరా ఆడ. నాకు తెలుగు చదవను వస్తాది. పుస్తకమే లేకుంటే పాపకు కొత్త కథ యాడిది? అయినా అది కథే అయ్యుండాల, దొరకాల అని కొండకు మొక్కుకున్నా."

అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. చెల్లెలు మూడు ఆదివారాలుగా చెప్తున్నది కథ కాదు. మా మొహాలు చూసి చెప్పలేనిదంతా వేరే పిల్ల పేరు మీద చెప్పింది. నేనేమో అవ్వ వస్తుందన్న దగ్గర నవ్వాను.

"నాయనకు చెప్పేస్తా," అన్నాను.

"నువ్వు చెప్తే వాదిస్తాడు. కథ చెప్తే వింటాడు. నోరు మూసుకుని ఉండు," అంది.

మళ్ళీ ఆదివారం తిరుపతి బస్సులో, పుత్తూరు దాటగానే అవ్వ మొదలుపెట్టింది. "ధనంజయా, పాప కొత్త కథ నువ్వు వినలేదు గదా?" మేడ, లిస్టు, ఉప్మా, నాలుగున్నర గంట, కాపలా లేని తలుపు, ఏదీ వదల్లేదు. నాయన ముందు సీటు కమ్మీ పట్టుకుని ముందుకు వంగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలాపారు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి కమ్మీకి ఆనుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు. ఉప్పుకోట, నీడ దేశం, రెక్కల చట్టం, ఇది. ఏది ఘోరం?"

"ఇదే మా," అన్నాడు నాయన, ఆలోచించకుండా. "వాటిలో కొట్టడానికి ఒక చెడ్డోడన్నా ఉండాడు. ఈడ ఎవుర్ని కొట్టాల? అయినా ఆ పిల్ల తండ్రి ఎట్టాంటోడు మా? కూతురు కరిగిపోతా ఉంటే కనబళ్ళేదా వానికి? అవి కళ్ళా, చొక్కా గుండీలా?"

"అట్టాంటోణ్ణి మా బస్సులో అయితే నడిదోవలో దించేస్తానబ్బా," అన్నాడు కండక్టరు ఆవేశంగా.

"దించొద్దు నాయనా," అంది అవ్వ. "టికెట్టు కొన్నాడు. ఈయనే."

కండక్టరు గబగబా వెనక సీట్ల వైపు వెళ్ళిపోయాడు. నాయన ముందు సీటు కమ్మీని గోటితో గీకుతూ కూర్చున్నాడు. రేణిగుంట స్టేషను దాటాక, "నాకు బాగుండాదనే చెప్పింది గదా మా," అన్నాడు చిన్న గొంతుతో.

"నువ్వు బాధపడతావని నీకు బాగుండాదని చెప్పింది. ఎట్టుండాదో నాకు చెప్పింది. ఇద్దరం కలిపి చూసుకుంటే సరిపోతాది."

హాస్టల్లో వరదయ్యగారు మర్యాదగానే మాట్లాడారు. "ఇప్పుడు మధ్యలో తీసుకెళ్తే ఏడాది పోతుందండి."

"ఏడాదే గదా సార్," అన్నాడు నాయన. ఆ మాట అన్నాక ఆయన భుజాలు రెండంగుళాలు కిందికి దిగడం నేను చూశాను.

అవ్వ ఊరుకుంటుందా! "మీరు మంచోళ్ళే సార్. రెక్కల చట్టంలో జైలరు కూడా మీ మాదిరే, గట్టిగా ఒక మాట అనడు. మూడో భాగంలో ఆయనే తాళం తీస్తాడు. మీరు మొదటి భాగంలోనే తీసెయ్యండి, పుణ్యం."

వరదయ్యగారు ఆ సిరీస్ చదవలేదు కానీ సంతకానికి కాగితం ఇచ్చారు.

పూజిత ట్రంకు పెట్టెతో మెట్లు దిగి వచ్చి, నాయనను చూసి ఆగిపోయింది. నాయన మార్కులు అడగలేదు. పెట్టె తీసుకుని భుజాన పెట్టుకుని, "ఆకలిగా ఉండాదా?" అన్నాడు. బస్టాండు పక్కన టిఫిను అంగట్లో ఆ పిల్ల ఎనిమిది ఇడ్లీలు తిన్నది. ఐదో ఇడ్లీ దగ్గర అమ్మ నవ్వింది, ఏడో ఇడ్లీ దగ్గర ఏడ్చింది, ఎనిమిదో దానికి పచ్చడి డబ్బా బహిరంగంగా బయటికి తీసింది.

ఇప్పుడు చెల్లెలు పుత్తూరు కాలేజీకి రోజూ బస్సులో పోయి వస్తోంది. మొన్న లెక్కల్లో తప్పి, "తప్పినా అవ్వా!" అని గుమ్మంలోంచే అరిచి అన్నానికి కూర్చుంది. మా ఇంట్లో ఎవరికీ ఆకాశం విరిగి మీద పడలేదు.

ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం అవ్వ మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఎక్కడా నవ్వలేదు. ఆఖర్న, "పిచ్చి పిచ్చిగా నవలలు పోల్చుకుంటూ తిరిగినా, మా అవ్వది దయగల మనసు అని ముగిద్దామనుకుంటున్నా. సరేనా అవ్వా?" అన్నాను.

"దయా లేదు, పాడూ లేదు," అంది అవ్వ గోడవైపు తిరిగి పడుకుంటూ. "ఆ పిల్ల ఆడుంటే నాకు నిద్ర పట్టలా. నా నిద్ర కోసం తెచ్చుకున్నా. రాసుకుంటే అట్లే రాసుకో, ఇంక లేచి పో."