ధనిష్ఠలో మూసిన రెండో ఇల్లు

మా ఆయనకు రెండిళ్ళు ఉండేవి. నాగాయలంక దగ్గర మా ఊళ్ళో రేకుల ఇల్లు ఒకటి, ఫోన్లో ఆడే ఆటలో ఇంకొకటి. ఆయన పోయాక రెండూ మూతపడ్డాయి. మొదటిది పంతులుగారు మూయమన్నారు. రెండోది మూయమని నాకెవరూ చెప్పలేదు, నేనే మూశాను. ఆ మూసిన సంగతే చెబుతున్నాను. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు అంతగా రావు. నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది.

ఆయన ట్రాలీ ఆటో నడిపేవాడు. పడవల మీద వచ్చిన చేపలు ఐసు పెట్టెల్లో వేసుకుని గుడివాడ మార్కెట్టుకు తోలేవాడు. పక్క సీట్లో నేను. పడవ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, రేవులో గంటలకొద్దీ కూర్చోవాలి. ఆ ఖాళీలో పట్టుకున్నాడు ఆ ఆటని. నలభై ఏడేళ్ళ మనిషి.

ఆ ఆటలో ఒక దీవి ఉంటుంది. ఒంటి మీద గుడ్డ కూడా సరిగా లేకుండా ఒడ్డున లేస్తారు. చెట్లు కొట్టుకుని, రాళ్ళు మోసుకుని ఇల్లు కట్టుకోవాలి. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, వాటికన్నా చెడ్డ మనుషులు తిరుగుతారు. ఆట కట్టేస్తే మన మనిషి మాయమైపోడు. ఎక్కడ ఉంటే అక్కడే పడుకుని నిద్రపోతాడు. పడుకున్నవాడు మళ్ళీ ఆట తెరిచేదాకా కదలడు. ఎవడైనా వచ్చి కొట్టాడంటే నిద్రలోనే పోతాడు, మళ్ళీ ఉత్త చేతులతో ఒడ్డున లేస్తాడు. అందుకని అందరూ ఇల్లు కట్టుకుంటారు, ఇంటికి తలుపు పెట్టుకుంటారు, తలుపుకి నాలుగంకెల తాళం వేసుకుంటారు.

మా ఆయనతో కలిసి ఇద్దరు ఆడేవారు. బందరులో జిరాక్స్ షాపు నడిపే ఒకతను, గుడివాడ ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సు పిల్ల. ఇద్దరినీ నేను ఎన్నడూ చూడలేదు, గొంతులే తెలుసు. ఆడుతూనే ఫోన్లో మాట్లాడుకుంటారు కదా. అతను నన్ను వదినగారూ అనేవాడు. ఆ పిల్ల ఆంటీ అనేది. ముగ్గురూ కలిసే కట్టారు ఆ ఇంటిని. తలుపు నంబరు మాత్రం మా ఆయన దగ్గరే ఉండేది. అంతకుముందు ఇంకొకడిని నమ్మి నంబరు ఇస్తే, వాడు ఒక మధ్యాహ్నం ఇల్లంతా ఊడ్చుకుపోయాడట. అప్పటినుంచి ఎవరికీ ఇవ్వలేదు. వాళ్ళిద్దరూ ఎప్పుడొచ్చినా మా ఆయన తీస్తేనే లోపలికి రావాలి.

ఆయన చేతులు స్టీరింగ్ మీద ఉన్నప్పుడు ఆ తీసే పని నాది. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని.

"వదినగారూ, ఎలుగుబంటి వెంటపడింది. తలుపు తీయండి," అనేవాడు బందరు నుంచి.

"ఉండవయ్యా. మోపిదేవి దాటాం, ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు."

"ఆ మాట ఎలుగుబంటికి చెప్పండి మరి."

"కాళ్ళు తుడుచుకుని రా. మొన్న బురదంతా తెచ్చావు."

నర్సు పిల్ల నవ్వేది. "మన ఇంటికి మనమే అడుక్కోవాల్సి వస్తోంది ఆంటీ. అంకుల్‌ని ఆ నంబరేదో ఇచ్చేయమనండి."

"ఇస్తానమ్మా, ఇస్తాను," అనేవాడు మా ఆయన రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా. "ఇంకో నాలుగు రోజులు చూసి ఇస్తాను." తర్వాత నా వైపు వంగి మెల్లగా అనేవాడు, "నేను చెప్పేదాకా నువ్వు నోరు జారకు."

చెప్పకుండానే పోయాడు.

పొద్దున ఆటో కడిగి లోపలికి వచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని ఫోను తీశాడు. నేను వంటింట్లోంచి రెండుసార్లు మాట్లాడాను. ఊ అనలేదు. ఆటలో ఉంటే ఎప్పుడూ ఊ అనడు, అందుకని నా పాటికి నేను చేపలు తోముకుంటున్నాను. టీ పట్టుకుని వచ్చి చూస్తే ఫోను ఒళ్ళో ఉంది, చేతులు దాని మీద లేవు. ఫోన్లో ఆ ఇల్లు లోపలినుంచి కనిపిస్తోంది. కాసేపటికి ఫోను దానంతటదే ఆరిపోయింది.

పంతులుగారు పంచాంగం చూసి ధనిష్ఠ అన్నారు. ఆ నక్షత్రంలో పోతే ఆరు నెలలు ఇల్లు మూయాలి. పోయినవాడిని వాకిట్లోంచి తీసుకెళ్ళకూడదు కూడా. వంటింటి పక్క గోడ పగలగొట్టి, ఆ కంతలోంచి తీసుకెళ్ళారు ఆయన్ని. తర్వాత ఆ కంతకి రేకు అడ్డం పెట్టారు. ఇంట్లో ప్రాణమున్నదేదీ ఉండకూడదని పిల్లిని కూడా తరిమేశారు. తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప కొట్టారు. పోయినవాడు మళ్ళీ తన ఇంటికి తాను నడిచి రాకుండా అది. ఆ కంపని కొడుతున్నది ఆయన తోడబుట్టిన తమ్ముడే. ప్రతి దెబ్బకీ నాకు ఒకటే అనిపించింది. వస్తే ఎక్కడ నిలబడతాడు?

నేను గుడివాడలో మా చెల్లెలి ఇంటికి వచ్చేశాను. ఫోను నాతో తెచ్చుకున్నాను.

పెద్దకర్మ అయిన తర్వాత బందరు అతను ఫోను చేశాడు. ఏడ్చాడు కూడా. ఆ తర్వాత చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"వదినగారూ, అడగడానికి నోరు రావడం లేదు. ఆ తలుపు నంబరు చెప్పగలరా? లోపల పెట్టెలో కలప వేస్తూ ఉండాలండి. వేయకపోతే గోడలు అరిగిపోతాయి. ఇంకో పది రోజులు ఆగుతుందేమో. అన్న లోపలే పడుకుని ఉన్నాడు కదా, గోడ పడిందంటే దారినపోయేవాడెవడైనా చంపేస్తాడు."

మిగతావన్నీ పోయి ఒక్క మాటే నా చెవిలో ఉండిపోయింది.

"లోపలే ఉన్నాడా?"

"ఎక్కడికెళ్తాడండీ? తాళం వేసుంది."

"బయటికి ఎవరూ తీసుకురాలేదా?"

"ఎవరు తెస్తారు వదినగారూ?"

నేను ఆరు నెలలు ఆ ఇంట్లో ఎవరూ కాలు పెట్టకూడదు అన్నాను. అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అది ఆటండీ," అన్నాడు.

"తెలుసు. నాకు తెలియదనుకున్నావా?"

సాయంత్రం నర్సు పిల్ల చేసింది. "మా ఇళ్ళల్లో నక్షత్రాలు చూడరు ఆంటీ. ప్రార్థన పెట్టించుకుని అదే ఇంట్లో వండుకుని తింటాం. ఏమీ కాదు."

"మీ ఇంటి సంగతి మీది తల్లీ," అన్నాను. నంబరు ఇవ్వలేదు నేను. ఆయన చెప్పలేదు కదా.

కానీ నాలుగు రోజులు ముద్ద దిగలేదు. మూసిన ఇంట్లో మనిషి ఉండకూడదు. మా ఊళ్ళో ఇంట్లోంచి అందరూ బయటికి వచ్చాం, పిల్లి కూడా వచ్చింది. ఆ ఇంట్లో మాత్రం ఆయన ఉండిపోయాడు. తాళం లోపల, చీకట్లో, గోడలు అరిగిపోతుంటే. అది కూడా ధనిష్ఠలోనే కదా మూతపడింది.

ఐదో రోజు మధ్యాహ్నం చెల్లెలు పనికి వెళ్ళాక మెట్ల మీద కూర్చుని ఆట తెరిచాను. ఆయన లేచాడు. మన ఫోన్లో మన మనిషి మొహం కనపడదు. రెండు చేతులు మాత్రం ముందుకు వచ్చి కనిపిస్తాయి. నా వేలు ఎటు జరిపితే అటు నడుస్తున్నాడు. అలా నడిపించి తలుపు దగ్గరికి తెచ్చి, నంబరు నొక్కి, బయటికి తీసుకొచ్చాను. గోడ పగలగొట్టి తేవాలని తెలుసు, అది నాకు చేతకాలేదు. గుమ్మంలోంచి తెచ్చానే, అదొక్కటే తప్పు జరిగిందనుకున్నాను. తలుపు వేసి, తాళం పడిందో లేదో రెండుసార్లు చూసి, ఆట కట్టేశాను. ఆ రోజు అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున్నే బందరు నుంచి ఫోను.

"వదినగారూ, అన్న బయటికెలా వచ్చాడు?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"గుమ్మం ముందు మూట పడి ఉందండి. పోయినవాళ్ళ సామాను అలా మూటగా పడుతుంది. ఎవరో కొట్టి చంపేశారు. ఇల్లు బాగానే ఉంది, తాళం అలాగే ఉంది. ఆయనే బయట…"

"నేనే తెచ్చాను."

"నంబరు నాకిచ్చుంటే," అని ఆగిపోయాడు.

బస్సెక్కి బందరు వెళ్ళాను. ఎందుకంటే చెప్పలేను, ఆ మూటని కళ్ళతో చూడాలనిపించింది. షాపు అడ్రసు అడుగుతూ అడుగుతూ పట్టుకున్నాను. కుర్రాడనుకున్నాను ఇన్నాళ్ళూ. జుట్టంతా నెరిసింది, నాకన్నా ఆరేడేళ్ళు పెద్దవాడు. "మీరు నన్ను వదినా అంటారేమిటి?" అన్నాను. "అన్న నాకన్నా బాగా ఆడతాడు, అందుకని అన్న," అన్నాడు. మంచినీళ్ళిచ్చి, కుర్చీ మిషను పక్కకి లాగి కూర్చోబెట్టి, తన ఫోను చూపించాడు. గుమ్మం. గుమ్మం ముందు చిన్న మూట. అంతే.

"ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"ఎక్కడా లేడండి. మీ ఫోను తెరిస్తే ఒడ్డున లేస్తాడు."

తెరిస్తే ఉత్త చేతులతో ఒడ్డున లేచి ఇంటి దారి పట్టాలి. మా గుమ్మానికి ముళ్ళకంప కొట్టింది సరిగ్గా ఆ నడక ఆపడానికే. తెరవకపోతే ఎక్కడా లేకుండా ఉంటాడు. తెరిచి మధ్యలో భయపడి కట్టేస్తే ఆ ఇసకలోనే పడుకుంటాడు, మళ్ళీ ఎవడో వస్తాడు, మళ్ళీ చంపుతాడు. ఒకసారి నేను చేసింది చాలు. తెరిచానంటే ఇంట్లోకి చేర్చాల్సిందే. చేర్చాలంటే ఆ ఇల్లు నిలబడాలి, లోపల మనవాళ్ళుండాలి.

నంబరు చెప్పాను. ఒక్కొక్క అంకె, ఆగి ఆగి. నాలుగోది అతని వైపు వంగి మెల్లగా చెప్పాను. అతను కాగితం మీద రాసుకోలేదు. నొక్కాడు, తలుపు తెరుచుకుంది. అక్కడినుంచే నర్సు పిల్లకి ఫోను చేసి చెప్పాడు. ఆ పిల్ల డ్యూటీ మధ్యలో ఐదు నిమిషాలు వీలు చూసుకుని ఆటలోకి వచ్చింది. ఇద్దరూ లోపలికెళ్ళి కలప వేశారు. వెనక గోడ సగం పోయి ఉందట.

అప్పుడు నేను నా ఫోను తెరిచాను. సముద్రం. మా ఊరి సముద్రం లాగే హోరు పెడుతోంది. చేతుల్లో ఒక రాయి తప్ప ఏమీ లేదు.

"ఎడమ పక్కన కొండ కనిపిస్తోందా వదినగారూ? దాని వైపే రండి," అంటున్నాడు పక్కనే కూర్చుని. ఎవరో వచ్చి ఆధార్ కార్డు రెండు వైపులా తీయమన్నారు. తీసిచ్చి మళ్ళీ నా ఫోనులోకి వంగాడు. "ఆ ఎండిన చెట్టు దగ్గర కుడికి. మెల్లగా. వెనక్కి చూడకండి, ఎవరూ లేరు."

నేను వెనక్కి చూడడం లేదు. ముందుకే చూస్తున్నాను, ఆ రెండు చేతుల్ని.

ఇల్లు వచ్చింది. తలుపు మూసి ఉంది, అంకెలు ఎదురుగా ఉన్నాయి. వేలు లేవలేదు నాకు. పోయినవాడు తన తలుపు తానే తీసుకుని రావడం నా చేత్తో నేను చేయలేకపోయాను.

"నొక్కండి వదినగారూ."

"నువ్వే తీయి. లోపలినుంచి."

తీశాడు. అప్పుడు నేను నా ఫోను వదిలేసి అతని ఫోనులోకి చూశాను. గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు. ఆ ఆటలోకి వచ్చాక ఆయన్ని బయటినుంచి చూడడం అదే మొదలు. మొహం ఆయనది కాదు, ఆటవాళ్ళు ఇచ్చిన మొహమేదో. బోడిగుండు, చేతిలో రాయి. కదలకుండా మా ఇద్దరి వైపూ చూస్తున్నాడు. నేను వేలు కదపందే కదలడని తెలుసు. తెలిసే, "రా," అన్నాను పైకి. మిషను దగ్గర నిలబడిన మనిషి నా వంక చూశాడు. అప్పుడు నా ఫోను మీద వేలు జరిపాను. లోపలికి వచ్చాడు.

నర్సు పిల్ల మూలన పరుపు వేసి ఉంచింది. "ఇక్కడ పడుకోబెట్టండి ఆంటీ, నేను డ్యూటీకి వెళ్ళాలి," అంది. పరుపు మీదికి నడిపించి ఆట కట్టేశాను. అతని ఫోన్లో మా ఆయన మెల్లగా ఒరిగి పడుకున్నాడు.

మళ్ళీ తెరవలేదు. తెరిస్తే లేపినట్టవుతుంది. ఫోను చెల్లెలి బీరువాలో ఉంది. ఊళ్ళో ఇంటికి ముళ్ళకంప తీయడానికి ఇంకా రెండు నెలలుంది. పంతులుగారికి ఈ రెండో ఇంటి సంగతి చెప్పలేదు. కలప వాళ్ళే వేస్తున్నారు, తలుపు వాళ్ళే తీసుకుంటున్నారు, వేసుకుంటున్నారు. నంబరు మార్చమంటారా అని అడిగారు, వద్దన్నాను.

శనివారం శనివారం బందరు వెళ్తాను. కాపీలు తీస్తూనే అతను తన ఫోను నా చేతికిస్తాడు. పది నిమిషాలు చూసి ఇచ్చేస్తాను. పోయిన వారం దాకా ఆయన మొహం తలుపు వైపు ఉండేది. ఈ వారం గోడ వైపు ఉన్నట్టనిపించింది. అతన్ని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అతను మిషనులో కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు, నా వైపు చూడలేదు.