మా చిన్నమ్మ పైలట్ ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ లేదని నా నమ్మకం. ఒకవేళ ఉన్నా, అది ఏదో ఒక పుస్తకం వెనక పేజీల్లో దొరక్కపోదని ధీమా. హైదరాబాదులో సోషియాలజీలో పీహెచ్‌డీ సీటు, దానితోపాటు ఫెలోషిప్పూ వచ్చాయి మరి. కోరుట్లలో మా బాపు ఎదురైన ప్రతివాళ్లనూ ఆపి, "మా బిడ్డకు సదువుకున్నందుకే నెల నెల జీతమిస్తున్నరు" అని చెప్పుకునేవాడు. మా వీధి చివరి టైలరు ఒకసారి మిషను ఆపి, "మరి సదువు ఒడిసినంక జీతం బందైతదా?" అని అడిగాడు. బాపు నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. (జవాబు తర్వాత అనుభవం మీద తెలిసింది.)

గల్ఫ్‌కు పోయిన మగవాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారన్నది నా పరిశోధన. ఊళ్లకు పంపే ముందు మాకు శిక్షణ ఇచ్చారు. ఎదుటివాళ్లు ఏం చెప్పినా మన ముఖంలో ఏమీ కనబడకూడదు, జవాబు మనం అందించకూడదు, వాళ్లు ఆగితే "ఇంకా చెప్పండి" అనాలి. ఆ ఏమీ కనబడని ముఖాన్ని నేను హాస్టల్ అద్దం ముందు నిలబడి మరీ సాధన చేశాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అమ్మ, "కూరల ఉప్పెక్కువైందా?" అంటే, అదే ముఖంతో "నీకేమనిపిస్తోంది?" అన్నాను. అమ్మ గరిటె పట్టుకునే నన్ను కాసేపు చూసి, బాపు దిక్కు తిరిగి, "పిల్లకు ఏదో సోకింది, ఓ తాయెత్తు కట్టిపిద్దాం" అంది.

అసలు పని మొదలుపెట్టే ముందు తెలిసినవాళ్లతో ఒక పైలట్ ఇంటర్వ్యూ చేసి రమ్మన్నారు మా గైడ్ మేడమ్. ప్రశ్నలు పనికొస్తాయో లేదో చూసుకోవడానికన్నమాట. తెలిసినవాళ్లంటే రాయికల్‌లో బీడీలు చుట్టే మా చిన్నమ్మ. నేను ఇంటర్ చదివేటప్పుడు చిన్నాయన గల్ఫ్‌కు పోయాడు. ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాడని ఊళ్లో అందరూ ఆయన్ను రేడియో అనేవారు. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత పండగలకు. నేను డిగ్రీలో ఉండగా ఆ ఫోన్లూ ఆగిపోయాయి. బతికున్నాడో, జైల్లో ఉన్నాడో, అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడో ఎవరికీ తెలియదు. చిన్నమ్మ ముందు మేమెవరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. నా పట్టికలో భర్త గురించి ఉన్న రెండు ప్రశ్నలూ దాటేద్దామనే నేనూ వెళ్లాను.

వెళ్లేసరికి చిన్నమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని, బీడీల చాట మంచం కిందికి తోసి, తల దువ్వుకుని కూర్చుంది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేరారు. నేను రికార్డర్ నొక్కి, "మీ పేరు చెప్పండి" అన్నాను. "పేరు తెల్వకనే అచ్చినావే?" అని ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నమ్మ మాత్రం గొంతు సవరించుకుని, టీవీలో వార్తలు చదివినట్టు మొదలుపెట్టింది. "మా ఆయన విదేశాల్లో ఉద్యోగం చేస్తున్నారండి. ప్రతి శుక్రవారం తప్పకుండా ఫోన్ చేస్తారండి." పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట 'అండి' అన్న మాట నేను వినలేదు. నవ్వుతున్నవాళ్లంతా ఒక్కసారి చల్లబడ్డారు. నాకేం చేయాలో తోచక, అలవాటైన నోరు కదా, "ఇంకా చెప్పండి" అనేసింది. ఆమె చెప్పింది. ఏం కూర వండావని అడుగుతారట. ఇల్లు కురుస్తోందంటే వచ్చి రేకులు మారుస్తానన్నారట. దగ్గు వస్తోంది, బీడీలు చుట్టడం మానెయ్యమని కోప్పడతారట. పక్కింటావిడ "నా బువ్వ పొయ్యి మీదనే ఉన్నది" అంటూ లేచి వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఆ వంక కూడా చెప్పకుండా వెళ్లారు.

రికార్డర్ ఆపగానే, "మంచిగ చెప్పిన్నా?" అంది చిన్నమ్మ.

"మంచిగనే చెప్పినవ్ చిన్నమ్మా. కని..."

ఆమె చాట బయటికి లాగి ఒళ్లో పెట్టుకుంది. "గా రికార్డు పట్నమోళ్లు ఇంటరు గదనే. ఆయినను ఎన్నడు సూడనోళ్లు ఇంటరు. గాళ్ల ముంగట గుడ ఆయినను చెడ్డోన్ని చెయ్యాల్నా?"

పైలట్ ఇంటర్వ్యూలను పరిశోధనలో కలపరు. ఆ నియమానికి నేను అంతగా సంతోషించింది అప్పుడే.

తర్వాత కొన్ని నెలలకు, తిరిగొచ్చిన మగవాళ్లతో మాట్లాడటానికి గంభీరావుపేట వెళ్లాను. అక్కడ ఒకాయన బర్రెలు పెట్టుకుని పాలు అమ్ముకుంటున్నాడు. కంపెనీ నుంచి బయటపడి కాగితాలు లేకుండా దొరికిన పనల్లా చేసేవాళ్లను మనవైపు ఖల్లివెల్లి అంటారు. ఆయనా కొన్నేళ్లు అలా బతికినవాడే. అందరూ ఇరుక్కుని పడుకున్న గది గురించి చెబుతూ, "మా రూముల రాయికల్ రేడియో అని ఒకాయిన ఉండె మేడం, పాపం" అన్నాడు.

 ఆయనే చెప్పుకుపోయాడు. "జరం పట్టుకున్నది. దవాఖానకు పోతె పట్టిస్తరని రానన్నడు. ఆఖరికి నేనే నీళ్లు తాపిన. గక్కడ్నే మన్నుల పెట్టినం. ఎవలకు చెప్పాలె? నంబరున్న ఫోను ఎన్నడో పోయింది. మేం సుత కాగితాల్లేనోళ్లమేనాయె." అని నా ముఖంలోకి చూశాడు. "ఇంటున్నరా మేడం?"

వింటున్నాను. సాధన చేసి తగిలించుకున్న ముఖం ఎంత ప్రయత్నించినా ఊడి రాలేదు, అంతే.

అమ్మా నేనూ కలిసి రాయికల్ వెళ్లి చెప్పాం. చిన్నమ్మ ఏడవలేదు. చేతిలోని ఆకు చుట్టడం పూర్తిచేసి, దారం కట్టి, చాటలో పెట్టింది. "నీళ్లు తాపినాయిన యాడుంటడు? నన్ను తోల్కపో" అంది.

ఆయనకు ముందే సంగతి చెప్పి, తీసుకెళ్లాను. ఆయన ఆమెను చూడగానే లేచి నిలబడి, "అక్కా, అచ్చినంక నీ దగ్గరికి రావాల్ననే అనుకున్న, ఏ మొఖం పెట్టుకొని రావాలె?" అన్నాడు. చిన్నమ్మ ఆ మాట పట్టించుకోలేదు. చిన్నాయన బక్కపడ్డాడా, జుట్టు నెరిసిందా, వంట ఎవరు చేసేవాళ్లు అని అడుగుతూ కూర్చుంది. చిన్నాయన వండిన పులుసు నోట పెట్టలేక అందరూ దండం పెట్టేవాళ్లని ఆయన చెబితే, "ఇంట్ల సుత గంతే" అంది. చివరికి, "ఫోను ఎందుకు చెయ్యకపాయె?" అని అడిగింది.

"పైసలు పంపుడు కాకపాయె గదక్కా. ఉత్త ముచ్చట్లు చెప్పుకుంట ఏం ఫోన్ చెయ్యాలె అనేటోడు."

"ఉత్త ముచ్చట్లే చెప్పేదుండె" అంది చిన్నమ్మ మెల్లగా. ఇచ్చిన చాయ్ తాగి, గ్లాసు కడిగి పెట్టి లేచింది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో సిరిసిల్ల బస్టాండులో ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించాను. ఎవరూ తోసుకోకుండా అడ్డం నిలబడి, కిటికీ పక్క సీటు పట్టి కూర్చోబెట్టాను. ఇంటికి పెద్దదాన్ని నేనే అయినట్టుంది నాకు. బస్సు కదిలి మానేరు వంతెన దాటాక కండక్టర్ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు కొడుతూ వచ్చాడు. ఆధార్ కార్డులు చూపించి, దర్జాగా "రెండు జగిత్యాల" అన్నాను, రాయికల్‌కు అక్కడే బస్సు మారాలి.

"గిది సిద్దిపేట బస్సు మేడం. బోర్డు సూసుకోలే?"

వంతెన అవతల మమ్మల్ని దింపేసి బస్సు వెళ్లిపోయింది. చిన్నమ్మ రోడ్డు పక్కన నిలబడి నన్ను కిందికీ పైకీ చూసింది. "గిన్ని మండలాలు తిరిగినవ్, బస్సు బోర్డు సదువరాదానే? ఎవలిస్తున్నరే నీకు జీతం?" అని నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఎక్కడ మలుపు తిరిగిందో తెలియదు, కాసేపటికి అది నవ్వు కాదు. రోడ్డు పక్కన కూలబడి చిన్నాయనను పిలిచి పిలిచి ఏడ్చింది.

ఓదార్చాల్సింది నేను. కానీ భుజాన ల్యాప్‌టాప్ సంచి, మెడలో యూనివర్సిటీ ఐడీ కార్డుతో ఆ ఫెలోషిప్ పిల్ల పక్కనే చతికిలబడి ఎంత గట్టిగా ఏడ్చిందంటే, చిన్నమ్మే తన ఏడుపు ఆపుకుని, కొంగుతో దాని ముక్కు తుడిచి, "ఊకో బిడ్డా, ఊకో, ఇంకో బస్సు అస్తది" అనవలసి వచ్చింది.